మెడలో ఒక బొమ్మ



సికింద్రాబాద్ బన్సీలాల్‌పేట్‌లో, మా ఇంటికి నాలుగడుగుల దూరంలో, ఒకప్పుడు ఒక ఫోటో స్టూడియో ఉండేది. చాలా చిన్నది. ముందు గదిలో బల్ల, వెనక గదిలో పరదా. పరదా పక్కన గోడకు ఒక మేకు. ఆ మేకుకు ఒక కోటు, ఒక టై వేలాడుతుండేవి. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకునే కుర్రాడు వచ్చినా, సంబంధం వాళ్లకు ఫోటో పంపాల్సిన పెళ్లికొడుకు వచ్చినా, ఆ కోటే, ఆ టైయే. ముడి విప్పడం లేదు, కట్టడం లేదు. ఎప్పుడో ఎవరో కట్టిన ముడి. దండలా తలమీంచి వేసి, కిందికి లాగి బిగించడమే. కింద లుంగీ ఉన్నా ఫరవాలేదు, ఫోటో గుండెల దాకానే కదా!

మా నాన్నగారి పాత ఫోటోలో ఉన్నది ఆ టైయే. మా మేనమామ ఫోటోలోనూ అదే. ఎదురింటాయన ఫోటోలోనూ అదే. నలుపు తెలుపు ఫోటోలు కాబట్టి దాని రంగేమిటో ఫోటో చూసినవాళ్లకు తెలియదు. నేను కళ్లారా చూశాను కాబట్టి చెబుతున్నాను. ముదురెరుపు మీద సన్నటి పసుపు చారలు. ముడి దగ్గర ఎందరి చెమటకో రంగు వెలిసిపోయి ఉండేది.

పేటంతటికీ ఒకే టై అన్నమాట.

ఇవాళ నేను చెప్పబోయేది దానికి సరిగ్గా తిరగబడిన టై సంగతి. పేరున్న చిత్రకారుడొకరు టై కోసమని పనిగట్టుకుని ఒక బొమ్మ వేస్తారు. ఆ బొమ్మతో కొన్ని టైలే తయారు చేయిస్తారు. అవి అమ్ముడైపోతే మళ్లీ వేయరు. వచ్చిన డబ్బు పిల్లల చదువుకో, వైద్యానికో వెళుతుంది. ఇంకోసారి చెబుతాను, ఇది గుర్తుంటే మిగతాదంతా సులువు. బొమ్మ చిత్రకారుడిది. టైలు కొన్నే. డబ్బు దానానికి.

ఇదేం విడ్డూరం అనిపిస్తుంది కదూ? బొమ్మ వేయడానికి గోడలు లేవా, కాగితాలు లేవా, అంతగా అయితే చీరలు లేవా? నాకూ అలాగే అనిపించింది. తర్వాత ఒక టైలరు మిత్రుడు పాత టై ఒకటి కుట్లు విప్పి చూపించాడు. అప్పుడు అర్థమైంది, అది తమాషా గుడ్డ అని.

మీ ఇంట్లో ఆడవాళ్లను అడగండి, జాకెట్టు క్రాస్ కటింగ్ అంటే ఏమిటో చెబుతారు. గుడ్డను నిలువుగానో అడ్డంగానో కాకుండా ఏటవాలుగా కత్తిరించడం. అలా కత్తిరిస్తే గుడ్డ ఒంటికి తగ్గట్టు సాగుతుంది, మళ్లీ మామూలుకు వస్తుంది. 1920లలో న్యూయార్క్‌లో జెస్సీ లాంగ్స్‌డార్ఫ్ అనే టైల తయారీదారు చేసిందీ ఇదే. పట్టుగుడ్డను ఏటవాలుగా కత్తిరించి, మూడు ముక్కలుగా కుట్టాడు. అంతకుముందు టైలు నాలుగుసార్లు కడితే మెలిపడి తాడులా అయ్యేవి. ఇతగాడి టై ఎన్నిసార్లు ముడివేసి విప్పినా మళ్లీ తిన్నగా వేలాడేది. ఇవాళ ప్రపంచంలో ఎవరు టై కట్టుకున్నా దాదాపుగా ఆ కత్తిరింపే.

అయితే చిత్రకారుడి కష్టం అక్కడే మొదలవుతుంది. గుడ్డ ఏటవాలుగా ఉంటుంది కాబట్టి బొమ్మనూ ఏటవాలుగా అచ్చువేయాలి. పైభాగం ముడిలోకి పోతుంది. వెనక తోక కనిపించదు. కనిపించేదల్లా గుండెల మీద జానెడు, పొట్ట మీద జానెడు. వెడల్పు నాలుగువేళ్లు. అందులోనూ మనిషి కూర్చుంటే బొమ్మ మడత పడుతుంది, నవ్వితే కదులుతుంది, అన్నం తినేటప్పుడు పప్పు పడుతుంది. గోడకు వేలాడే బొమ్మకు ఈ బాధలు లేవు. గోడ మీది బొమ్మ దగ్గరికి మనం వెళ్లాలి. టై మీది బొమ్మ మన దగ్గరికే వస్తుంది, బస్సెక్కుతుంది, ఆఫీసుకు పోతుంది, లిఫ్టులో మన ముక్కుకు ఎదురుగా నిలబడుతుంది.

అందుకే కాబోలు పెద్ద పెద్దవాళ్లే దీని జోలికి వచ్చారు. గడియారాలు కరిగి జారిపోతున్నట్టు బొమ్మ వేసిన స్పెయిన్ చిత్రకారుడు సాల్వడార్ డాలీ పేరు మీరు విని ఉంటారు. 1940లలో ఆయన అమెరికాలో టైలకు బొమ్మలు వేశాడు. 1992లో జెర్రీ గార్సియా అనే గిటారు వాద్యకారుడు, గ్రేట్‌ఫుల్ డెడ్ బృందంలోని ఆయన, తన నీటిరంగుల బొమ్మలతో టైలు తెచ్చాడు. తమాషా ఏమిటంటే, ఆయనకు టై కట్టుకునే అలవాటే లేదు. చొక్కా బొత్తాలు పెట్టుకుంటే అదే పదివేలు అన్నట్టుండేవాడు. ఆయన టైలు మాత్రం విపరీతంగా అమ్ముడుపోయాయి.

అవి వ్యాపారం. మన కథ దానం గురించి కదా. అక్కడికి వద్దాం.

1990ల మొదట్లో అమెరికాలో ‘సేవ్ ద చిల్డ్రన్’ సంస్థ కోసం టైలు వచ్చాయి. వాటి మీద బొమ్మలు వేసింది పేరుమోసిన చిత్రకారులు కారు. పిల్లలు. ఎనిమిదేళ్లవాళ్లు, పదేళ్లవాళ్లు. చేతులు పట్టుకున్న పిల్లలు, వంకర ఇళ్లు, ఇంటికన్నా పెద్దవైన పువ్వులు. టై వెనక ఆ బిడ్డ పేరు, వయసు. అమ్మిన ప్రతి టై మీదా కొంత డబ్బు పిల్లల సేవకు. అధ్యక్షుడు క్లింటన్ కూడా ఆ టై కట్టుకున్నాడు. ఊహించుకోండి. అంత పెద్ద మనిషి, అంత పెద్ద మీటింగు, మెడలో మాత్రం ఏ పదేళ్ల పిల్లో గీసిన బొమ్మ! పిల్లలు బొమ్మ వేస్తే పెద్దలు మెడలో వేసుకున్నారు, డబ్బు తిరిగి పిల్లలకే చేరింది. నాకు ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కువ నచ్చిన భాగం ఇదే. డాలీ కన్నా కూడా.

దీనికి ముందు ఇంకో కథ ఉంది, టైలది కాదు, గ్రీటింగ్ కార్డులది. రెండో ప్రపంచయుద్ధం అయిపోయింది. 1946లో యునిసెఫ్ పుట్టింది. యుద్ధంలో చితికిపోయిన ఊళ్లలో పిల్లలకు పాలు, మందులు పంచుతోంది. చెకోస్లొవేకియాలో ఒక పల్లె. యిత్కా సామ్కోవా అనే ఏడేళ్ల పిల్ల, తమకు అందిన సాయానికి మెచ్చి ఒక బొమ్మ వేసింది. ఎండలో ఒక స్తంభం చుట్టూ చేరి ఆడుకుంటున్న ఆడపిల్లలు. కాగితం దొరక్క గాజుపలక మీద వేసింది. ఆ బొమ్మే 1949లో యునిసెఫ్ మొట్టమొదటి గ్రీటింగ్ కార్డు అయింది. తర్వాత మతీస్, పికాసో వంటి మహామహుల బొమ్మలు కూడా ఆ కార్డుల మీదికి ఎక్కాయి. దారి వేసింది మాత్రం ఏడేళ్ల పిల్ల.

మన దేశంలో ఈ దారి పట్టినవాడు రిప్పన్ కపూర్. విమానంలో పర్సర్‌గా పనిచేసే కుర్రాడు. 1979లో ముంబయిలో, వాళ్లమ్మగారి భోజనాల బల్ల చుట్టూ ఏడుగురు మిత్రులు కూర్చున్నారు. చేతిలో పెట్టుబడి యాభై రూపాయలు. అవును, యాభై. అలా పుట్టింది ‘క్రై’ సంస్థ. చిత్రకారుల బొమ్మలు అడిగి తెచ్చి, కార్డుల మీద అచ్చువేసి, అమ్మి, ఆ డబ్బు పిల్లల పనికి వెచ్చించారు. నా వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది. డిసెంబరు వచ్చిందంటే కార్డుల దుకాణాల్లో తాడు కట్టి, బట్టలారేసినట్టు గ్రీటింగ్ కార్డులు వేలాడదీసేవారు. వాటిలో క్రై కార్డు వెనక్కి తిప్పితే చిత్రకారుడి పేరు సన్నటి అక్షరాల్లో ఉండేది. గొప్ప చిత్రకారుల పేర్లు నేను మొదట చదివింది ఏ కళాప్రదర్శనలోనూ కాదు, కార్డు వెనక.

సరే, మన తెలుగు చిత్రకారులకు, ఈ పద్ధతికి చుట్టరికం ఏమైనా ఉందా? ఉంది. బరోడా మీదుగా ఉంది.

బరోడా విశ్వవిద్యాలయంలోని లలితకళల విభాగంలో కె.జి. సుబ్రహ్మణ్యన్ అనే గొప్ప గురువు ఉండేవారు. కేరళలో పుట్టినాయన. బరోడాకు పేరొచ్చాక కూడా చేనేతను, బొమ్మలను, మట్టిపనిని చిన్నచూపు చూడని మనిషి. కొంతకాలం చేనేత బోర్డులో డిజైన్ల పని కూడా చూశారు. 1960లలో ఆ కళాశాలలో సంతలు జరిపేవారు. గురువులు, శిష్యులు కలిసి చెక్కతో, తోలుతో, పూసలతో బొమ్మలు, చిన్న చిన్న వస్తువులు చేసి ఊరివాళ్లకు అమ్మేవారు. వచ్చిన డబ్బు విద్యార్థుల సహాయనిధికి. గోడకు వేలాడే బొమ్మ కొనలేని గుమాస్తా కూడా ఆ రోజు సుబ్రహ్మణ్యన్ చేతి బొమ్మ కొని పిల్లాడి చేతికిచ్చేవాడన్నమాట.

ఆ గురువు దగ్గరే చదివారు మన లక్ష్మాగౌడ్. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టినాయన. ఆ గురువు దగ్గరికే వెళ్లారు కరీంనగర్ ప్రాంతపు తోట వైకుంఠం. ఎర్రటి పెద్ద బొట్టు, మెరిసే నల్లటి ఒళ్లు, ముదురు రంగుల చీరలు, ఆ తెలంగాణ ఆడవాళ్ల బొమ్మలు చూడని తెలుగువాళ్లు తక్కువ.

లక్ష్మాగౌడ్ పేరు తీశాను కాబట్టి ‘కొన్నే’ అనే మాట సంగతి ఇక్కడే చెబుతాను. ఆయన రేకుల మీద గీసి అచ్చుతీసే ఎచ్చింగ్ పనిలో దిట్ట. రాగి రేకు మీదో, జింకు రేకు మీదో మైనపు పూత పూస్తారు. దాని మీద సూదితో గీస్తారు. ఆమ్లంలో ముంచుతారు. గీసినచోట రేకును ఆమ్లం తినేస్తుంది. ఆ గాళ్లలో సిరా నింపి, తడి కాగితం పరిచి, బరువుతో నొక్కితే అచ్చు దిగుతుంది. అలా పాతికో యాభయ్యో తీస్తారు. ప్రతి కాగితం అడుగున పెన్సిలుతో అంకె వేస్తారు. పాతికలో మూడోది, పాతికలో నాలుగోది, అలాగ. తర్వాత ఆ రేకు మీద అడ్డగీత గీసేస్తారు. ఇక అచ్చు దిగదు. కొన్నవాడికి అదే భరోసా. టై మీద అంకె వేసినా, కార్డు మీద వేసినా, పద్ధతి పుట్టింది ఇక్కడే.

ఇక్కడ ఒక హెచ్చరిక. ‘దానం కోసం’ అని రాసి ఉన్నంత మాత్రాన మొత్తం డబ్బు దానానికి పోతుందనుకోకండి. ఒకచోట లాభమంతా వెళుతుంది. ఇంకోచోట వందకు ఐదు రూపాయలు వెళుతుంది. ధర ఎంత అని అడిగే ముందు, ఇందులో పిల్లలకు చేరేదెంత అని అడగండి. సిగ్గుపడకండి. కూరగాయల దగ్గర అడగమా?

ఇంకొందరు అంటారు, దానం అనేది కుడిచేత్తో ఇస్తే ఎడమచేతికి తెలియకూడదు కదా, మెడలో వేలాడదీసుకుని తిరగడమేమిటి అని. న్యాయమైన మాటే. గుడిలో ట్యూబులైటు మీద దాత పేరు రాసి రాసి వెలుతురే రాకుండా చేసినవాళ్లను మనం చూశాం. కానీ నేను ఉండే పేట పేరే చూడండి. బన్సీలాల్‌పేట్. ఒక దాత పేరు. పూర్వం ఇక్కడ నాగన్నకుంట. 1933లో, కీస్ దొర బ్రిటిష్ రెసిడెంటుగా ఉన్న కాలంలో, ఈ వాడను మంచి వీధులతో తీర్చిదిద్దారు. అందుకు డబ్బిచ్చిన సేఠ్ బన్సీలాల్ పేరు దీనికి పెట్టారు. అప్పట్నుంచీ ఇక్కడి కూలీ, టీకొట్టాయన, ఆటో డ్రైవరు, అందరూ ఆయన పేరును రోజుకు పదిసార్లు పలుకుతున్నారు. ఎవరికీ బరువనిపించలేదు. ఇచ్చింది పనికొస్తే, పేరు ఉన్నా తప్పులేదు. ఇది నా లెక్క.

మా పేట మెట్లబావి సంగతి మీలో చాలామంది రేడియోలోనే విని ఉంటారు. 2022 మార్చిలో ప్రధానమంత్రి ‘మన్ కీ బాత్’లో దాని మాట ఎత్తారు. ఏళ్ల తరబడి చెత్తతో, మట్టితో పూడిపోయి, కింద బావి ఉందన్న సంగతే కొత్త తరానికి తెలియని చోటు అది. కల్పనా రమేష్ నడిపే ‘ద రెయిన్‌వాటర్ ప్రాజెక్ట్’, పురపాలక శాఖ, పేట జనం కలిసి తవ్వి, మెట్లు బయటికి తీసి, నీళ్లు మళ్లీ నిలిచేలా చేశారు. ఆ ఏడాది డిసెంబరు 5న దాన్ని తెరిచారు. సాయంత్రం అక్కడ దీపాలు వేస్తే మెట్ల నీడలు నీళ్లలో పడతాయి. ఎన్నిసార్లు చూసినా నాకది అచ్చుపోసిన గుడ్డ మీది డిజైన్‌లాగే కనిపిస్తుంది. ఈ ప్రసంగం రాయాలనిపించింది కూడా ఒక సాయంత్రం ఆ మెట్ల మీద కూర్చునే.

ఇంతకీ మన ఊళ్లో టై కట్టుకునేదెవరు? ఆలోచించండి. గాంధీ ఆసుపత్రి చుట్టుపక్కల, మే నెల ఎండలో, బరువైన నల్ల సంచీతో నిలబడే మెడికల్ రిప్రజెంటేటివ్. హోటల్లో బేరర్. ఆపైన బడిపిల్లలు. పొద్దున ఎనిమిదింటికి మా వీధిలో నిలబడితే ఎన్ని టైలో! అన్నీ రబ్బరు పట్టీ టైలే. జనరల్ బజార్‌లో యూనిఫారాల దుకాణంలో అమ్మే రకం. రెండు ఉతుకులకు పట్టీ వదులై, టై బొడ్డుదాకా దిగిపోతుంది. నేను చదివిన బడిలో, ఏ బడి అని చెప్పను, టై మరిచిపోతే తరగతి బయట నిలబెట్టేవారు. అన్నదమ్ములం ఇద్దరం, టై ఒకటి. వాడిది పొద్దుటి బడి, నాది మధ్యాహ్నపు బడి. వాడు ఇంటి మలుపు దగ్గరే టై తీసి చేతికిచ్చేవాడు. ఇంకా వెచ్చగా, తడిగా ఉండేది.

కాబట్టి చిత్రకారుడు వేసిన పట్టు టై కొనమని నేను మిమ్మల్ని అడగడం లేదు. ఈ ఎండలకు అది మన గుడ్డ కాదు. దాని పుట్టిల్లు యూరప్. 1600లలో ఫ్రాన్సుకు వచ్చిన క్రొయేషియా సైనికులు మెడకు కట్టుకున్న గుడ్డ నుంచి పుట్టింది. క్రొయేషియావాళ్లకు అదంటే ఎంత గర్వమంటే, 2003లో పూలా నగరంలోని పాత రోమన్ రంగస్థలం చుట్టూ 800 మీటర్లకు పైగా పొడవున్న ఎర్రటి టై చుట్టారు. మొత్తం కట్టడానికి టై కట్టారు! ఎవరి మెడగుడ్డ వాళ్లకు ముద్దు.

మరి మన మెడగుడ్డ ఏది? కండువా.

నవ్వకండి. దాన్ని మనం రాజకీయానికి వదిలేశాం. ఫలానాయన కండువా కప్పుకున్నాడంటే పార్టీ మారాడని అర్థం అయిపోయింది. అంతకుముందు అది రైతు భుజం మీది గుడ్డ, పెళ్లిపెద్ద భుజం మీది గుడ్డ, చెమట తుడుచుకునే గుడ్డ, చంటిపిల్లకు ఎండ తగలకుండా కప్పే గుడ్డ. 2014లో చెన్నైలో ఒక క్లబ్బులోకి పంచె కట్టుకొచ్చిన హైకోర్టు న్యాయమూర్తిని రానివ్వలేదు. ఆ ఏడాదే తమిళనాడు శాసనసభ ఏకంగా చట్టం చేసి అలాంటి నిషేధాలను ఎత్తేసింది. పంచెకు అంత పట్టుదల చూపినప్పుడు, కండువాకు మనం ఒక బొమ్మ వేయలేమా?

నా మనసులో ఉన్నదిది. ఒక తెలుగు చిత్రకారుడు ఒక కండువాకు బొమ్మ వేయాలి. అద్దకాలకు పేరున్న పెడనలో టేకు చెక్క మీద దాన్ని అచ్చుగా చెక్కాలి. కరక్కాయ నీళ్లలో నానబెట్టిన గుడ్డ మీద, బెల్లం నీళ్లలో ఇనుప ముక్కలు ఊరేసి తీసిన నలుపుతో అచ్చు వేయాలి. వంద కండువాలు. ప్రతిదాని చెంగున ఒక అంకె. తర్వాత ఆ చెక్క అచ్చు మీద గాటు పెట్టేయాలి. డబ్బు ఏ బడికి వెళుతుందో ముందే చెప్పాలి. రెండో విడతకు చిత్రకారుడు వద్దు. మా పేట పిల్లల్ని మెట్లబావి దగ్గర కూర్చోబెట్టి, రంగులిచ్చి వదిలేయండి. యిత్కా గాజుపలక మీద వేసింది కదా, వీళ్లకు మెట్లున్నాయి.

కొనేదెవరంటారా? ఆ బెంగే లేదు. మన ఊళ్లో సన్మానాలు జరగని ఆదివారం ఉందా? ప్రతి సన్మానంలోనూ ఒక శాలువా. కప్పుతారు, ఫోటో తీస్తారు, మడతపెట్టి సంచిలో వేస్తారు. అది బీరువా చేరుతుంది. మళ్లీ బయటికి రాదు. వస్తే మరొకరి సన్మానానికే వస్తుంది, మా స్టూడియో టైలాగా మెడ తర్వాత మెడ మారుతూ. వచ్చే నెలలో మీ సంఘం ఎవరికైనా సన్మానం తలపెట్టి ఉంటే, శాలువా కొనకండి. మీ ఊళ్లో బొమ్మలు వేసేవారెవరో కనుక్కోండి. ఒక కండువాకు బొమ్మ వేసిపెట్టమని అడగండి. దాని డబ్బు మీ వీధి బడికి ఇవ్వండి.

ఈలోగా, రేడియో కట్టేశాక, మీ బీరువాలో ఎన్ని శాలువాలున్నాయో ఒక్కసారి లెక్కపెట్టి చూడండి. మా ఇంట్లో పదకొండు ఉన్నాయి.